మోకరించే పొట్టేలు

గొర్రెల్ని కొలవడానికి వెళ్ళివచ్చాను. ఈ మాట చెప్పగానే ఎదుటివారు చేతిలో కాఫీ గ్లాసు కింద పెడతారు. కొందరు ఎందుకని అడుగుతారు. కొందరు అడక్కుండా మా ఇంట్లోవాళ్ళకేసి జాలిగా చూస్తారు. ఒక్కసారి కాగితంమీద పెడితే అందరికీ సరిపోతుందని ఇది రాస్తున్నాను.

నేను మద్రాసులో ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుని. అంటే కప్పని కోసేది విద్యార్థులు, కప్ప తరఫున బాధపడేది నేను. మా ప్రొఫెసరుగారిని కొంతకాలంగా ఒక ప్రశ్న పీడిస్తోంది. జంతువు ఒంట్లో ఒక అవయవం మారితే తక్కినవి ఊరుకుంటాయా, అవీ దాని వెంట నడుస్తాయా? ముందు కాళ్ళు పొడుగైతే వెనక కాళ్ళూ పొడుగవుతాయి, అది అందరూ చూసిందే. తల్లి కడుపులో నాలుగు కాళ్ళూ ఒకే పద్ధతిన మొగ్గ తొడుగుతాయి కాబట్టి, ఒకదానికి వచ్చిన హుకుం నాలుగింటికీ అందుతుంది. మరి మెడ సంగతేమిటి? మెడకి హుకుం ఎవరిస్తారు? అడవిలో మేసేవాటికీ బీడు నేలలో మేసేవాటికీ ఈ లెక్క ఒకటేనా?

కర్నూలు జిల్లా తూర్పు తాలూకాల్లో మేకలు నల్లమల అంచున ఉంటాయి, గొర్రెలు కింద మెట్ట పొలాల్లో ఉంటాయి, రెంటికీ మధ్య ఒక పూట ప్రయాణం. అందుకని నన్ను అక్కడికి పంపారు. నాది కృష్ణ ఒడ్డున కాలవల కిందిపల్లె. గొర్రెని అంతకుముందు దగ్గరగా చూసింది కూరలోనే.

మార్కాపురం

స్టేషను పేరు మార్కాపురం రోడ్డు. ఆ రోడ్డు పట్టుకుని పోతే, మర్యాదగా కొంత ఎడంగా, మార్కాపురం ఉంటుంది. జట్కా ఎక్కుతుండగా గుర్తొచ్చింది, ఎముకలు కొలిచే ఇత్తడి పనిముట్టు నాతో దిగలేదని. ప్రొఫెసరుగారు దొరల సీమనుంచి తెప్పించుకున్న వస్తువది. అప్పటికి రైలు గుంతకల్లు ముఖంగా పొగ వదులుతూ మలుపు తిరుగుతోంది.

జట్కావాడు నన్ను నేరుగా బజారులో మస్తాన్ సాయిబు దుకాణానికి తీసుకెళ్ళాడు. సాయిబు దర్జీ. గెడ్డం తెల్లగా, వేలికి ఇత్తడి తొడుగు.

"ఎవరికి కుట్టాలప్పా?"

"కుట్టడానికి కాదు. టేపు కావాలి. గొర్రెల్ని కొలవాలి."

ఆయన మిషను తొక్కడం ఆపి కొంచెం ఆలోచించాడు. "చలికాలం పోయింది కదా. ఇప్పుడెందుకు చొక్కాలు?"

సంగతి చెప్పాను. ఆశ్చర్యపడలేదు. పాతటేపు ఒకటి తీసి నాలుగణాలకి ఇచ్చాడు. మొదటి రెండంగుళాలూ లేవు. మనవరాలు కత్తెరతో ఆడుకుందట.

"ఏ కొలతలోనైనా రెండు తీసేసి చెప్పుకో. నేనూ అంతే."

"అందరికీ రెండేనా?"

"లావుపాటోళ్ళకి మూడు తీస్తా. సంతోషంగా పోతారు."

శాస్త్రంలో ఇంత దయ ఉండదు. టేపు జేబులో వేసుకుని పలకల పని చూడ్డానికి వెళ్ళాను. పెద్ద నల్లబండ నిలబెట్టి, సన్న ఉలి అంచుకి ఆనించి, సుత్తితో నెమ్మదిగా ఒకటి రెండు దెబ్బలు వేస్తారు. బండ పుస్తకంలా విచ్చుకుంటుంది. పొరకి పొర, ఒకే మందం. నా చిన్నతనమంతా ఈ ఊరి రాతిమీదే తప్పులు రాసుకున్నాను. పుట్టింటిని చూసినట్టయింది. అక్కడి పెద్దమనిషికి ఆ మాటే చెబితే, "తప్పులు మీవి. రాయి మాది" అన్నాడు. ఒక పలక కొన్నాను. నోటుబుక్కు చెమటకి తడిసినా కొలతలు దక్కుతాయని.

దోర్నాల

మోటారు బస్సు మధ్యాహ్నానికి దోర్నాల చేర్చింది. బస్సు అని దాని యజమాని అన్నాడు కాబట్టి నేనూ అంటున్నాను. శివరాత్రి దగ్గర పడుతోంది కాబట్టి శ్రీశైలం పోయే కన్నడ యాత్రికులు బారులు తీరి నడుస్తున్నారు. పూటకూళ్ళ ఇంట్లో బేడకి, అంటే రెండణాలకి, భోజనం. కొర్రన్నం, కందిపచ్చడి, పలచటి మజ్జిగ. మా వైపు కొర్రలు పిచికలకి వేస్తారు. ఇక్కడ రెండోసారి అడిగి తిన్నాను, పిచికల తెలివిమీద గౌరవం పెరిగింది.

ఊరి అంచున మరియమ్మ మేకలు ఉన్నాయన్నారు. క్రైస్తవ పేటలో ఉంటుంది. కోతల రోజుల్లో కూలికిపోతుంది, తక్కిన రోజుల్లో మేకలు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. నా చేతిలో టేపు చూసి నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏంది అయివోరూ, నా మేకలు ఏం తప్పు చేసినాయి?"

ఆ వైపు బడిపంతుల్ని అయివోరంటారు. ధోవతి, కళ్ళజోడు, చేతిలో పలక చూశాక ఇంకేమంటారు?

కొలుస్తానన్నాను. అడవి గార్డు ఎప్పుడూ లెక్కే పెడతాడు, కొలిచేవాణ్ణి మొదటిసారి చూస్తున్నానంది. తరవాత కొమ్ము పట్టుకుని ఒక్కొక్కదాన్నే నా ముందు నిలబెట్టింది. నాలుగోది నా పలకమీద సున్నాలన్నీ నాకేసింది.

"నీకు పెండ్లయిందా?"

"లేదు."

"మేకల కాళ్ళు పట్టేటోనికి పిల్లనెవరిస్తార్లే."

రెండు రోజుల్లో నలభైదాకా కొలిచాను. ఇక్కడే నాకు మొదటి ఉత్సాహం పట్టుకుంది. ముందు కాళ్ళూ వెనక కాళ్ళూ ఒకదాన్నొకటి చూసి రాసుకున్నట్టు సరిపోయాయి. ఒకటి పెరిగిన చోట రెండోదీ పెరిగింది. మెడ మాత్రం దాని ఇష్టం. పొడుగు కాళ్ళకి పొట్టిమెడ, పొట్టి కాళ్ళకి పొడుగుమెడ, ఏ వరసా లేదు. మరియమ్మని అడిగాను, మెడకీ కాలికీ పొత్తు ఎందుకు కుదరలేదని.

"వాటికి నేల కనపడదు అయివోరూ. తలకాయ పైకే."

నిజమే. ఎదురుగా ఒక మేక వెనక కాళ్ళమీద లేచి, ముందు కాళ్ళు రేగుకొమ్మకి ఆనించి, తీరిగ్గా మేస్తోంది. దాని మెడ ఎంతుంటే ఏం? అందకపోతే ఇంకొంచెం లేస్తుంది.

నేనొక నియమం కనుక్కున్నాను. ఆ సాయంత్రం అటూ ఇటూ పచార్లు చేశాను, యాత్రికులు తప్పుకుని నడిచారు. పూటకూళ్ళ ఇంటి అరుగుమీద కూర్చుని ప్రొఫెసరుగారికి ఉత్తరం రాశాను: జంతువుల్లో మెడకి కాలితో సంబంధం లేదని తేలింది. జంతువుల్లో అని రాశాను. మేకల్లో అని రాయలేదు. ఇకమీదట మెడలు కొలవనక్కర్లేదని ఆ వరసని పలకమీద నిలువునా కొట్టేశాను. ఒక్కో జీవానికి పావుగంట మిగులుతుంది కదా.

గిద్దలూరు

తిరిగి రైలెక్కి కంభం మీదుగా గిద్దలూరు. ఆ రోజు సంత. మిరపకాయలు, ఎద్దుల మెడగంటలు, కుండలు, గాజులు, ఒక మూల గొర్రెలు. ఇక్కడ నాకొక అలవాటు బాగా నచ్చింది. మా ఊళ్ళో కొత్తమనిషి ఏవండీ దగ్గరే ఆగిపోతాడు. ఇక్కడ నిమిషంలో చుట్టమైపోతాడు. చుట్ట అడిగినవాడు నన్ను మామా అన్నాడు. తోసుకుపోయినవాడు అన్నా అన్నాడు. గొర్రె నా కాలు తొక్కితే దాని యజమానురాలు, "పక్కకు జరుగు నాయనా, అది చూసుకోలేదు" అంది.

సజ్జరొట్టె, ఉల్లిగడ్డకారం అణా. కారం నాలిక మీద పెట్టగానే కృష్ణ ఒడ్డూ కాలవలూ ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చాయి. పక్కన కూర్చున్నాయన మంచినీళ్ళ చెంబు నా ముందుకి తోశాడు. ఆయనే యోహాను పంతులు. రాచర్ల దగ్గర చిన్నపల్లెలో క్రైస్తవుల బడి నడుపుతారు, ఆదివారం వాక్యం చెబుతారు. యాభై దాటిన మనిషి, నవ్వు మీసంలోనే ఉంచుకుంటారు.

నా పని విని, "అయితే మా ఊరి పొట్టేలుని చూడాల్సిందే" అన్నారు. "ప్రార్థన చేస్తాది."

"పొట్టేలా?"

"నాగయ్య అని గొల్లాయన. ఆయనది. దినామూ ముందు కాళ్ళు మడిచి మోకరిస్తాది. మా సంఘంలో అంత నిష్ఠగా మోకరించేవాళ్ళు ముగ్గురే. అందులో ఒకాయనకి కీళ్ళనొప్పులు, వంగితే లేవలేడు."

నేను నవ్వి నోటుబుక్కులో వింతలు అనే పేజీలో రాసుకున్నాను. కొలతల పేజీలో రాయలేదు.

రాచర్ల వైపు

యోహాను పంతులుగారి ఎద్దుబండిలో వెళ్ళాం. దారి పొడుగునా కోసేసిన కొర్ర పొలాలు, గులకరాళ్ళ బీళ్ళు, అక్కడక్కడ కంచెలో జీవాలు. గొర్రెల్నీ మేకల్నీ కలిపి ఇక్కడ జీవాలంటారు. పొలాల్లో మంద కట్టించుకున్నందుకు రైతు గొల్లవాడికి జొన్నలు కొలుస్తాడు. మా వైపు ఎరువు బండిలో వస్తుంది. ఇక్కడ తనే నడిచివచ్చి, పడుకుని, తెల్లారి లేచి వెళ్ళిపోతుంది.

బడి వసారాలో నా మకాం. సాయంత్రం నాగయ్య దొడ్డికి తీసుకెళ్ళారు.

నాగయ్య పొడగరి, తలగుడ్డ వంకరగా చుడతాడు, మాట పెద్దది. భార్య ఓబులమ్మ సన్నటి మనిషి, గొంగడి భుజంమీంచి దింపదు. పని పంచుకున్నారు. ఆమె మేపుతుంది. ఆయన సంతకి పోతాడు, రైతులతో మంద బేరాలాడతాడు. ఉన్నవి ముప్ఫై చిల్లర గొర్రెలు. పొలం లేదు, ఇంకేమీ లేదు. పోయిన ఎండాకాలం మేత అందక పదకొండు పోయాయి.

నేను వెళ్ళేసరికి ఇంట్లో తగువు నడుస్తోంది. మందలో విత్తనపు పొట్టేలు పులినోట పడింది. దాని చోటికి రెండు కుర్రపొట్టేళ్ళున్నాయి. ఒకటి పెన్న వైపునుంచి తెచ్చిన పొట్టేలుకి పుట్టింది. తెల్లగా, ఎత్తుగా, చూపు తిప్పుకోనివ్వదు. నుదుట కుంకం బొట్టు. ప్రార్థన చేసేది ఇదే. రెండోది ఇక్కడి జాతి, ఎర్రది, నేలకి దగ్గర. రెండూ మందలో ఉంటే పొడుచుకుని చస్తాయి. ఒకదాన్ని ఉంచాలి, రెండోదానికి విత్తులు నలగ్గొట్టించి మాంసానికి పెంచాలి. ఆ పని చేసే పుల్లన్న రేపు మధ్యాహ్నం వస్తున్నాడు. ఒకసారి నలిగాక మళ్ళీ వెనక్కి రాదు. ఉండిపోయిన పొట్టేలే రాబోయే నాలుగైదేళ్ళ మంద.

"తెల్లదాన్ని ఉంచాల. ఊరంతా దానికి మొక్కుతాంది" అన్నాడు నాగయ్య. "భూదేవికి దండం పెట్టే పొట్టేలు యాడన్నా ఉందా?"

"ఊరు మేపుతాందా?" అంది ఓబులమ్మ. "మేపేది నేను. నాకు దాని మోకాళ్ళు నచ్చలే."

"మోకాళ్ళు చూసేదానికి ఇదేమన్నా పెండ్లికొడుకా?"

"పెండ్లికొడుకే కదా."

నాగయ్య నావైపు తిరిగాడు. "అయివోరూ, మద్రాసునుంచి కొలత తెచ్చినావు. నీవే చెప్పు. నీ మాటకు ఇద్దరం కట్టుబడతాం."

ఎవరైనా నా మాటకి కట్టుబడతామనడం అదే మొదటిసారి. కాలేజీలో కప్పలు కూడా అనలేదు. అయినా తొందరపడకుండా, పొద్దున వెలుతురులో కొలిచి చెబుతానన్నాను. ఓబులమ్మ మోకాళ్ళమాట నోటుబుక్కులో రాసుకున్నాను. దాని పక్కన 'ఆడవాళ్ళ పట్టుదల' అని రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చింపేద్దామని చాలాసార్లు అనుకున్నాను.

తీర్పు

తెల్లవారగానే కొలిచాను. నాగయ్య, పంతులుగారు, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు చుట్టూ నిలబడ్డారు. తెల్లదాని ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ ఉండవలసినంత తేడా ఉంది, వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. ఎర్రదానికి వెనక కాళ్ళు ఒక పిసరు ఎక్కువ. పలక పైకెత్తి అందరికీ చూపించాను.

"తెల్లదానిది మచ్చలేని పొందిక" అన్నాను. "ఉంచవలసింది ఇదే."

నాగయ్య తలగుడ్డ సర్దుకుని ఎర్రదాన్ని గుంజకి కట్టేశాడు. ఓబులమ్మ గొంగడి సవరించుకుని మందని బైటికి తోలింది. తెల్ల పొట్టేలు మంద ముందు నడిచింది.

నాకు ఒక్క సరదా మిగిలింది, ప్రార్థన చూడాలని. ఆమె వెనకే బీటికి వెళ్ళాను.

బీడు

మాఘం చివర. గడ్డి వేలెడు కూడా లేదు, గులకరాళ్ళ మధ్య పచ్చటి దుమ్ములా ఉంది. మంద పరుచుకుంది. తెల్ల పొట్టేలు నాలుగడుగులు వేసి నిలబడింది. ముందు కాళ్ళు రెండూ మడిచింది. నేలమీద మోకాళ్ళు ఆనించింది. తల వంచింది.

ఆ దృశ్యం నిజంగా బాగుంది. దూరంనుంచి చూస్తే నేనూ దండం పెట్టేవాణ్ణే. దగ్గరగా చూడాలని బోర్లా పడుకున్నాను. చొక్కాలో గులకరాళ్ళు దూరాయి. పొట్టేలు పెదవులు కదులుతున్నాయి, కాని జపానికి కాదు. మేస్తోంది.

పక్కన ఎర్రగొర్రె ఒకటి నిలబడే ఉంది, దాని ముట్టె నేలకి ఆనింది. దాని పక్కది కొంచెం ఎత్తు. దాని ముట్టె కూడా నేలకి ఆనింది, మెడ ఆ కొంచెం పొడుగుంది. ఇంకోటి, మరోటి. మందలో ప్రతిదానికీ మెడ కాలిని చూసి పెరిగింది. తెల్లదానికి తప్ప.

లేచి టేపు తీశాను. ఓబులమ్మ ఒక్కొక్క గొర్రెనీ పట్టి నిలబెట్టింది, నేను మెడలు కొలిచాను. మూడు గొర్రెలయ్యేసరికి అంకెలు గబగబా గీకడం మొదలుపెట్టాను. పదోదానికి పలకమీద అంకెలు నాకే తెలియడం లేదు. కాలు పెరిగినచోటల్లా మెడ పెరిగింది. దోర్నాలలో లేని పొత్తు ఇక్కడ ఉంది. మేకకి ఆకు పైన ఉంటుంది, మెడ ఎంతున్నా బతుకుతుంది. గొర్రెకి గడ్డి నేలమీద ఉంటుంది. ముట్టె నేలకి అందనివి ఎన్నో తరాలుగా ఎండాకాలంలో రాలిపోతూ వచ్చాయి, అందినవి పిల్లల్ని పెట్టాయి. కాళ్ళు నాలుగింటినీ కలిపింది తల్లి కడుపు. కాలునీ మెడనీ కలిపింది గడ్డి. ప్రొఫెసరుగారి ప్రశ్నకి సగం జవాబు మద్రాసులో లేదు, ఈ రాళ్ళమధ్య వేలెడు పచ్చదనంలో ఉంది. నాకు గట్టిగా అరవాలనిపించింది. బీట్లో వినేవాళ్ళు గొర్రెలే కాబట్టి అరిచాను కూడా. రెండు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి.

తెల్లదాన్ని చివర కొలిచాను. దాని నాయన పెన్న వైపు పొడగరి, కాళ్ళు ఆయనవి. అమ్మ ఇక్కడిది, మెడ ఆమెది. ఆ కాళ్ళకి ఉండవలసిన మెడకంటే మూడంగుళాలు తక్కువ. సాయిబు చెప్పిన రెండంగుళాలూ తీసేశాక వచ్చిన లెక్కే.

ఓబులమ్మ దాని ముందు కాలు పైకెత్తి చూపింది. మోకాలిమీద బొచ్చు పోయి గట్టిగా కాయ కాసింది. రెండో మోకాలు చిట్లి, పసుపు, వేపనూనె పూసి ఉంది.

"గిట్టలు పుచ్చినాయేమో?" అన్నాను, ఆఖరి ఆశగా.

"గిట్టలు బాగున్నాయి. వానాకాలం గడ్డి ఎత్తుంటాది, అప్పుడు వంగదు. గడ్డి తగ్గినాక వంగుతాది. పుండు పడితే పురుగు పడతాది. ఒక్కదానికి పూస్తా సరే. దాని పిల్లలు ముప్ఫైయీ వంగితే ఎన్నిటికి పూసేది?"

"ఈ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె పొట్టేలు కాలు కిందికి దించింది. "మోకాళ్ళు నచ్చలే అంటిని కదా నాయనా. నీవు రాసుకొంటివి కూడా."

నీడ కాళ్ళ కిందికి వచ్చేసింది. పుల్లన్న వచ్చే వేళ. ఆమె మందని వదిలి రాలేదు. తోలుకొస్తూ ఉంటాను, నువ్వు పరుగెత్తు అంది. పరుగెత్తాను. దారిలో ఒక చెప్పు తెగింది, రెండోది నేనే వదిలేశాను. ధోవతిని తుమ్మకంప ఒక మూర అడిగి తీసుకుంది. పల్లేరుకాయల గురించి పుస్తకాల్లో చదివాను. చాలా తక్కువ చేసి రాశారు.

దొడ్డి

ఎర్ర పొట్టేలుని పడగొట్టి కాళ్ళు కట్టేశారు. పుల్లన్న, పొట్టిగా, నెమ్మదైన మనిషి, మునగాళ్ళమీద కూర్చుని తన రెండు కర్రలకీ ఆముదం రాస్తున్నాడు. యోహాను పంతులుగారు గోడకానుకుని నిలబడ్డారు.

"ఆపండి" అన్నాను. తరవాత కొంతసేపు ఊపిరి తీసుకునే పనిలో ఉన్నాను.

"ఏమయింది అయివోరూ? చెప్పులేవి?" అన్నాడు నాగయ్య.

"నేను తప్పు కొలిచాను."

"పొద్దున అందరి ముందర పలక ఎత్తితివే."

"అందరి ముందరే చెబుతున్నాను. కాళ్ళు కొలిచాను, మెడ కొలవలేదు. అది ప్రార్థన కాదు నాగయ్యా. దాని నోరు నేలకి అందడం లేదు."

నాగయ్య ముఖం బిగుసుకుంది. ఆ పొట్టేలుకి ఊళ్ళో ఉన్న పేరు కొంత ఆయనకీ వచ్చింది. పెద్దరైతులు పిలిచి మరీ మంద కట్టించుకుంటున్నారు. "నీ మాటకు కట్టుబడతామంటే పూటకొక మాట చెప్తావా?"

అంతలో ఓబులమ్మ మందని దొడ్డిలోకి తోలింది. నాకొక ఆలోచన వచ్చింది. పిడికెడు పచ్చగడ్డి అడిగి తీసుకుని నేలమీద వేశాను. తెల్ల పొట్టేలు వచ్చింది, మోకరించింది, తింది.

"చూడు" అన్నాడు నాగయ్య.

ఒక గంప బోర్లించి, ఇంకో పిడికెడు దానిమీద పెట్టాను. పొట్టేలు వచ్చింది. నిలబడే తింది. మళ్ళీ నేలమీద వేశాను, మోకరించింది. మళ్ళీ గంపమీద, నిలబడింది. మూడోసారికి పుల్లన్న ఆముదం రాయడం ఆపేశాడు.

యోహాను పంతులుగారు మెల్లగా అన్నారు: "ఆకలికి మోకరించేది కూడా ప్రార్థనే నాగన్నా. కానీ పిల్లలకు వారసత్వం ఇచ్చేటంత మంచిది కాదు."

నాగయ్య పొట్టేలు దగ్గర కూర్చుని దాని మోకాలు తడిమాడు. ఆ కాయ ఆయన వేళ్ళకి కొత్తగా ఉన్నట్టుంది.

"దీని పిల్లలు అన్నీ ఇట్లనే వంగుతాయా?"

"అన్నీ కాదు. కొన్నిటికి కాళ్ళు నాయనవి, మెడ అమ్మది వస్తుంది. కొన్నిటికి రెండూ సరిపోతాయి. ఏది ఎలా పుడుతుందో ముందుగా చెప్పలేను."

"పోయిన ఏడాది పదకొండు పోయినాయి" అన్నాడు ఆయన, నాతో కాదు. "నిలబడి మేసేటివి కూడా పోయినాయి."

ఓబులమ్మ దొడ్డి తడికె మూసి వచ్చి నిలబడింది.

నాగయ్య లేచి ఎర్రదాని కట్లు తనే విప్పాడు. అది లేచి ఒళ్ళు దులుపుకుని, జరిగిందానికి ఎవరిమీదా కోపం లేనట్టు మందలో కలిసిపోయింది. ఆయన తెల్లదాని నుదుట బొట్టు బొటనవేలితో తుడిచేశాడు. ఆ పని నెమ్మదిగా చేశాడు.

"పుల్లన్నా, దీన్ని పండబెట్టు" అన్నాడు. తరవాత నాకేసి చూడకుండా, "అయివోరూ, కాళ్ళు నీవు పట్టు. పొద్దున మెచ్చుకొన్నది నీవే."

న్యాయమే. దుమ్ములో కూర్చుని, నాలుగు కాళ్ళూ దగ్గరికి చేర్చి, రెండు చేతులా పట్టుకున్నాను. ఓబులమ్మ తల దగ్గర చేరి, మెడ కింద ఒక చెయ్యి, కళ్ళమీద ఒక చెయ్యి వేసింది. పుల్లన్న కర్రలు బిగించాడు. పొట్టేలు ఒక్కసారి తన్నింది. నాలుగు కాళ్ళూ ఒకే క్షణంలో, ఒకే బలంతో తన్నాయి. మెడ మాత్రం ఓబులమ్మ చేతుల్లో కదలకుండా ఉంది.